ఇక్కడ పెరటి పిట్ట, అక్కడ పెద్ద చీడ



మా అక్కగారి కూతురు పెళ్ళయి మెల్‌బోర్న్ వెళ్ళి చాలా ఏళ్ళయింది. క్రిందటి డిసెంబరు సెలవులకు తన పదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని మా పల్లెకు వచ్చింది. ఒకనాటి ఉదయం మా ఇంటావిడ బియ్యం చెరిగి, అలవాటు చొప్పున గుప్పెడు నూకలు పెరట్లో చల్లింది. రోజూ వచ్చే గోరింకల జంట వేపకొమ్మ మీది నుండి దిగి, పసుపు కాళ్ళతో దర్జాగా నడుస్తూ నూకలు ఏరుకోసాగింది.

అరుగు మీద కూర్చున్న పిల్లవాడు గభాలున లేచి, "అమ్మమ్మా, వాటికి తిండి వెయ్యకూడదు. అవి చెడ్డ పక్షులు. మా వీధిలో ఒక తాత వాటిని బోను పెట్టి పట్టి చంపేస్తాడు" అన్నాడు.

మా ఇంటావిడ చేతిలోని చేట అలాగే ఉండిపోయింది. "అదేం మాటరా! పురుగూ పుట్రా ఏరుకొని తిని బ్రతికే పిట్ట. అది ఎవరికేం అపకారం చేసింది? నోరులేని జీవాన్ని చంపేవాడు మంచివాడా?" అని గట్టిగానే మందలించింది. వాడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నేను అబద్ధం చెప్పడం లేదు తాతయ్యా" అంటూ మా వైపు చూశాడు.

వాడు చెప్పింది అబద్ధం కాదు. మా ఇంటావిడ అన్నదీ తప్పు కాదు. ఇద్దరి మాటా నిజమెలా అవుతుందో ఆనాడు పిల్లవాడికి వివరించడానికి మాకు ఒక పూట పట్టింది. ఆ సంగతే ఈ నెల మీతోనూ పంచుకుందామనుకున్నాము.

వలస పక్షి వేరు, చొరబాటు పక్షి వేరు

కొల్లేరుకు, పులికాటుకు, నేలపట్టుకు ఏటేటా పక్షులు వస్తాయి. కాలం కాగానే వచ్చిన దారినే పోతాయి. అవి తరతరాలుగా ఎరిగిన దారిలో తమంతట తాము వచ్చేవి. వాటి రాక వల్ల ఆ చోటుకు చేటు లేదు. మనం చెప్పుకోబోయేవి అవి కావు. మనుషులు ఓడల్లోనో పంజరాల్లోనో ఒక దేశం నుండి మరో దేశానికి చేర్చగా, అక్కడ అదుపు లేకుండా పెరిగి, ఆ నేలలో పుట్టిన జీవులకు చోటు లేకుండా చేసే పక్షులు వేరు. వాటిని చొరబాటు పక్షులు అందాము.

ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే ఐ.యు.సి.ఎన్. అనే అంతర్జాతీయ సంస్థకు చెందిన నిపుణులు 2000 సంవత్సరంలో ఒక జాబితా ప్రకటించారు. చొరబడిన చోట తీవ్రమైన హాని చేసే నూరు జీవులు అందులో ఉన్నాయి. చెట్లు, చేపలు, చీమలు, ఎలుకలు అన్నీ కలిపి నూరు. ఆ నూటిలో పక్షులు మూడే. ఒకటి ఐరోపాకు చెందిన స్టార్లింగ్. తక్కిన రెండూ మన పెరటి పక్షులే. ఒకటి గోరింక, రెండవది తోక క్రింద ఎర్రటి మచ్చతో, తలపై నల్లటి జుట్టుతో తిరిగే పిగిలిపిట్ట. ఈ మాట చెప్పగానే మా ఇంటావిడ చాలాసేపు మాట్లాడలేదు.

తీసుకువెళ్ళింది ఎవరు?

గోరింక సముద్రాలు దాటి ఎగిరిపోయే పక్షి కాదు. దానిని మనుషులే తీసుకువెళ్ళారు. మిడతలు చెరకు తోటలను తినేస్తున్నాయని 1762లో మారిషస్ దీవికి మన దేశం నుండి గోరింకలను తెప్పించారు. కోరంగి రేవు నుండి ఓడలెక్కి మన తెలుగువారు ఆ దీవికి కూలిపనులకు వెళ్ళడానికి ఎన్నో దశాబ్దాలకు ముందే గోరింక అక్కడ కాపురం పెట్టిందన్నమాట. కూరగాయల తోటల్లో పురుగును తింటుందని 1862లో మెల్‌బోర్న్‌కు తెచ్చారు. పంటల్లో పురుగు కోసమే 1865లో హవాయి దీవులకు, 1883లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెరకు పొలాలకు తెచ్చారు. మన అండమాన్ దీవులకు కూడా ఆంగ్లేయుల కాలంలోనే చేర్చారు.

కాకి కథ కూడా ఇంతే. 1890లలో ఆఫ్రికా తీరానున్న జంజిబారు పట్టణంలో చెత్త పేరుకుపోతున్నదని, దానిని తిని శుభ్రం చేస్తాయని మన ఊరకాకులను అక్కడికి రప్పించారు. అక్కడి నుండి అవి తూర్పు ఆఫ్రికా తీరమంతా వ్యాపించాయి. 1890, 1891 సంవత్సరాల్లో న్యూయార్కులోని సెంట్రల్ పార్కులో ఒక పెద్దమనిషి వంద స్టార్లింగ్‌లను వదిలాడు. నేడు ఉత్తర అమెరికాలో వాటి సంతతి కోట్లలో ఉంది. 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో గాలిలోకి లేచిన విమానం ఇంజన్లలోకి ఒక స్టార్లింగ్‌ల గుంపు చొచ్చుకుపోగా, విమానం కూలి 62 మంది చనిపోయారు.

వీటిని తెచ్చినవారిలో చాలామంది చెడు తలపెట్టలేదు. పంట కాపాడుకోవాలనుకున్నారు, వీధి శుభ్రం చేసుకోవాలనుకున్నారు. అయితే ఒక లాభాన్నే చూశారు. ఆ తరువాత ఏమవుతుందో ఆలోచించలేదు. పురుగులు తినడానికి వచ్చిన గోరింక పండ్లూ తిన్నది. హవాయిలో లాంటానా అనే ముళ్ళపొద పండ్లు తిని, గింజలను ఊరూరా చల్లింది. తాహితీ దీవిలో పిగిలిపిట్ట, అడవులను కప్పివేసే మికోనియా అనే చెట్టు గింజలను అలాగే వ్యాపింపజేసింది.

అక్కడ చీడ, ఇక్కడ కాదు. ఎందుచేత?

గోరింక చెట్టు తొర్రల్లోనూ, గోడ కన్నాల్లోనూ, ఇంటి చూరుల్లోనూ గూడు పెడుతుంది. విడతకు నాలుగైదు గుడ్లు పెట్టి, ఏడాదిలో రెండు మూడు విడతలు పిల్లలను లేపగలదు. మన ఊళ్ళో దాని గూటి మీద పాము కన్నుంటుంది. పిల్ల బయటికి రాగానే డేగ చూస్తుంది, పిల్లి చూస్తుంది. అదే తొర్ర కోసం చిలుక పోట్లాడుతుంది, పైడికంటి గుడ్లగూబ పోట్లాడుతుంది. యుగాలుగా ఇవన్నీ ఒకదానినొకటి ఎరిగి, ఒకదానికొకటి హద్దుగా ఉన్నాయి. అందుకే ఎంత పెరిగినా గోరింక ఇక్కడ హద్దు దాటదు.

కొత్త దేశంలో ఆ హద్దులు లేవు. ఆస్ట్రేలియాలో రొసెల్లా వంటి రంగుల చిలుకలు కూడా తొర్రల్లోనే గుడ్లు పెడతాయి. అక్కడి యూకలిప్టస్ చెట్టుకు మంచి తొర్ర ఏర్పడాలంటే నూరేళ్ళకు పైబడుతుంది. పాత చెట్లు నరికిన చోట తొర్రలే తక్కువ. ఆ కొద్ది తొర్రలను గోరింకలు ఆక్రమించుకొని, ఉన్న పక్షులను తరిమి, గుడ్లను, పిల్లలను క్రింద పడవేస్తాయి.

హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల పరిస్థితి మరీ విచారకరం. మన తోటల్లో వేకువనే ఈలవేసే నలుపు తెలుపుల పిట్టకు దగ్గర చుట్టమైన పక్షి ఒకటి అక్కడ ఉంది. పిల్లులు మొదలైనవాటి వాత పడి 1960లలో ఆ జాతి ఫ్రిగేట్ అనే ఒకే దీవిలో ఇరవై లోపుకు పడిపోయింది. ప్రపంచమంతటా ఉన్నవి అవే. అటువంటి పక్షుల గూళ్ళ మీద కూడా గోరింకలు దాడిచేశాయి. మనకు వేలు, లక్షలుగా ఉన్న పిట్ట, మరెక్కడా లేని పిట్టను అంతరింపజేసే పరిస్థితి వచ్చింది. బోను పెట్టేవారి మనసు మనకు అర్థం కావాలంటే ముందు ఈ లెక్క అర్థం కావాలి.

అదుపు చేయడం ఎలా?

మొదటి సూత్రం: కొద్దిగా ఉన్నప్పుడే. పొలంలో తుంగ ఒక మొలకగా ఉన్నప్పుడు పీకితే ఒక చేతి పని. గట్టంతా అల్లుకున్నాక పదిమంది కూలీల పని. పక్షుల విషయమూ ఇంతే. 1994లో రెండు ఊరకాకులు ఓడ వెంట నెదర్లాండ్స్‌లోని హోక్ వాన్ హాలండ్ రేవుకు చేరాయి. వాటి సంతానం కొన్ని డజన్లయ్యేదాకా వాదోపవాదాలు, కోర్టు వ్యవహారాలు నడిచాయి. చివరకు ఒక్కొక్కదానినీ వెదకి తొలగించవలసి వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియావారు ఓడ మీద కాకి దిగిన కబురు తెలియగానే చర్య తీసుకుంటారు. అందుకే అక్కడ కాకి స్థిరపడలేదు. కాన్‌బెర్రా నగరంలో 1968 నుండి కొన్నేళ్ళలో వదిలిన గోరింకలు వంద పైచిలుకు మాత్రమే. ఆనాడు పట్టించుకోనందున 2006లో పౌరులే ఒక సంఘంగా ఏర్పడి ఇంటింటా బోనులు పెట్టుకోవలసి వచ్చింది.

ఆ బోను పనితీరు మన పల్లెల్లో కౌజుపిట్టల వేటగాళ్ళు వాడే దీమం పద్ధతివంటిదే. బోనులో ఒక అరలో ఒక గోరింకను ఉంచి, దానికి మేత, నీరు, నీడ ఏర్పాటు చేస్తారు. దాని కూత విని, అది నిర్భయంగా తింటూ ఉండడం చూసి తక్కినవి లోపలికి నడిచి వస్తాయి. వేరే పక్షులు పడితే గాయం కాకుండా వదిలివేస్తారు. గోరింక తెలివైనది. తన తోటిది పట్టుబడుతుండగా ఒకసారి చూస్తే మళ్ళీ ఆ బోను దరికి రాదు. అందుచేత చీకటి పడ్డాకే పట్టినవాటిని తీస్తారు. ఆపైన అక్కడి జంతు సంక్షేమ నిబంధనల ప్రకారం బాధ లేకుండా ముగిస్తారు.

రెండవ సూత్రం: మొదలుపెడితే చివరిదాకా. సీషెల్స్‌లోని డెనిస్ దీవిలో 2010లో ఈ పని ఆరంభించారు. స్వచ్ఛంద సేవకులు వచ్చి, బోనుల్లో వెయ్యికి పైగా గోరింకలను పట్టారు. తెలివి మీరి మిగిలిన కొద్దింటి కోసం తుపాకీ వాడవలసి వచ్చింది. 2015కు దీవి మీద గోరింక లేకుండా పోయింది. వెయ్యి పట్టడం కన్నా ఆఖరి పది పట్టడమే కష్టం. అయినా ఒక్క జంట మిగిలితే కథ మళ్ళీ మొదటికే వస్తుంది. జంజిబారులో అదే జరిగింది. 1990ల ఆరంభంలో అక్కడ కాకులను చాలావరకు తగ్గించారు. డబ్బు అయిపోయి పని ఆగింది. కొన్నేళ్ళలోనే కాకులు మళ్ళీ పెరిగిపోయాయి. అప్పటిదాకా చంపిన పక్షుల ప్రాణాలూ వృథా అయ్యాయి. చుట్టూ సముద్రమున్న చిన్న దీవిలో ఆఖరి పక్షిదాకా వెళ్ళగలము. విశాలమైన ప్రధాన భూభాగంలో ఎన్ని పట్టినా పక్క ఊరి నుండి వచ్చి చేరుతూనే ఉంటాయి. అక్కడ పూర్తిగా నిర్మూలించడం కన్నా, అరుదైన పక్షులు గూళ్ళు పెట్టే తావులను కాపాడుకోవడమే వివేకం.

మూడవ సూత్రం: తిండి దొరకకుండా చేయడం. కెన్యా తీరప్రాంతంలో కాకులు కోడిపిల్లలను ఎత్తుకుపోతూ, ఇతర పక్షుల గూళ్ళు దోచుకుంటూ ఉన్నందున, ఆ దేశపు వన్యప్రాణి శాఖ 2024 జూన్‌లో ఒక ప్రకటన చేసింది. ఆ సంవత్సరాంతానికి పది లక్షల కాకులను నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఆ పనికి ప్రత్యేకమైన మందును శిక్షణ పొందినవారి చేత పెట్టిస్తారు. అయితే కాకి బలమంతా మనిషి పారవేసిన చెత్తలోనే ఉంది. మూతలేని చెత్తకుండీ, మాంసం దుకాణం వెనుక పారేసిన వ్యర్థాలు ఉన్నంతకాలం చంపిన కాకి చోట మరొక కాకి పెరుగుతుంది. చెత్తకు మూత పెట్టడం ఏ మందు కన్నా మేలైనది. మెల్‌బోర్న్ ఇళ్ళల్లోనూ ఇదే నియమం. కుక్క తినగా మిగిలిన తిండిని ఆరుబయట వదలరాదు. ఇంటి చూరులో కన్నాలుంటే గూడు పెట్టకముందే పూడ్చుకోవాలి.

తొందరపాటు వద్దు

పక్షులను అదుపు చేయడమంటే కనబడిన పిట్టనల్లా చంపడం కాదు. చైనా దేశంలో 1958లో పిచ్చుకలు ధాన్యం తింటున్నాయని దేశమంతా డప్పులు వాయించి, వాటిని వాలనివ్వకుండా తరిమి చంపారు. పిచ్చుక ఆ నేలలో పుట్టిన పక్షే. గింజతోపాటు పురుగునూ తింటుంది. పిచ్చుకలు పోయాక పొలాల్లో పురుగు పెరిగింది. 1960లో పిచ్చుకను ఆ జాబితా నుండి తీసివేసి నల్లిని చేర్చారు. ఏది పరాయిదో, ఏది ఆ చోటిదో తెలియక చేసే పని ఎలా ఉంటుందో దీనివల్ల తెలుస్తుంది.

మన రైతు సోదరులకు ఒక విన్నపం. జొన్న, మొక్కజొన్న చేలల్లో పిట్టల బెడద నిజమే. ఆ కోపంలో గింజలకు పురుగుమందు పట్టించి చల్లేవారు అక్కడక్కడ ఉన్నారు. ఆ గింజను నెమలి తింటుంది, పక్కింటి కోడి తింటుంది. చచ్చిన పిట్టను కుక్క తింటుంది. నెమలిని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జైలు శిక్ష పడే నేరం. మంచెలు, వడిసెలలు, మెరిసే రిబ్బన్లు, కంకులకు కాగితం చుట్టడం వంటివి మన పెద్దలకూ, వ్యవసాయ శాఖవారికీ తెలిసిన ఉపాయాలే. వాటినే వాడుకుందాము.

మరొక మాట. పిల్లలు ముచ్చటపడ్డారని సంతలో లవ్‌బర్డ్స్ కొని, ఆ ముచ్చట తీరాక "పోనీలే పాపం, స్వేచ్ఛగా బ్రతకనీ" అని పంజరం తలుపు తీసేవారున్నారు. అది దయగా కనబడుతుంది. వాటిలో ఎక్కువ భాగం ఆకలితో చస్తాయి. బ్రతికి బట్టకట్టినవి కొత్త బెడదకు విత్తనం కావచ్చు. మన రామచిలుకలు లండన్ నగరంలో వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. అవన్నీ ఒకప్పుడు పంజరాల నుండి బయటపడ్డవాటి సంతానమే. మన దేశంలోనైతే రామచిలుకను పంజరంలో ఉంచడమే చట్టరీత్యా నేరం. పరదేశపు పక్షిని పెంచదలిస్తే దాని ఆయుష్షంతా పెంచాలి. అది చేతకాదనుకుంటే కొనరాదు.

తప్పు ఎవరిది?

ఇదంతా విన్నాక పిల్లవాడు ఒక ప్రశ్న అడిగాడు. "అయితే తాతయ్యా, గోరింక చెడ్డదా, మంచిదా?"

గోరింక మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది గోరింక. సృష్టికర్త దానికి ఒక చోటు ఇచ్చాడు. ఆ చోటులో అది మేలైనదే. ఆ చోటు నుండి పెరికి, దానికి హద్దులు లేని చోట నాటినది మనిషి. కనుక అక్కడ దానిని తగ్గించవలసిన భారం కూడా మనిషిదే. ఆ పని తప్పనిసరి అయినప్పుడు ద్వేషంతో చేయరాదు, ఆటగా చేయరాదు. చేయకుండా తప్పించుకోనూరాదు. చేయకపోతే నోరులేని మరొక జాతి ఆ మూల్యం చెల్లిస్తుంది. మీ వీధి తాత బోను తీసేటప్పుడు నవ్వుతాడా అని అడిగాము. వాడు కాసేపు ఆలోచించి, "లేదు, ఏమీ మాట్లాడడు" అన్నాడు. మా ఇంటావిడ వాడిని దగ్గరకు తీసుకొని తల నిమిరింది. "నిన్ను ఊరికే కసిరాను నాన్నా" అంది.

తల్లిదండ్రులారా, పిల్లలకు పక్షిని చూపించేటప్పుడు దాని పేరు మాత్రమే చెప్పి ఊరుకోకండి. అది ఎక్కడ గూడు పెడుతుంది, ఏమి తింటుంది, దానిని ఏది తింటుంది అన్న మూడు సంగతులూ చెప్పండి. మన మంచి తలపు కూడా ఎవరికైనా చేటు తెస్తుందేమోనని ముందుగా ఆలోచించే అలవాటు పిల్లలకు చిన్ననాడే అబ్బుతుంది.

మొన్న ఆదివారం మెల్‌బోర్న్ నుండి ఫోను వచ్చింది. కుక్క తినగానే గిన్నె లోపల పెట్టే పని ఇప్పుడు తనదేనని పిల్లవాడు గొప్పగా చెప్పాడు. తరువాత కాస్త తటపటాయించి, "అమ్మమ్మ ఇంకా నూకలు వేస్తోందా తాతయ్యా?" అని అడిగాడు.

"వేస్తూనే ఉందిరా" అన్నాము.

"వెయ్యనీ తాతయ్యా. అక్కడ అది వాటి ఊరే కదా" అన్నాడు.